మంద ఎంతని అడిగిన రోజు

ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు అక్క దొడ్డి తడక తీసింది. సమయం ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం, ఆ పొద్దున నేను గోడ గడియారాన్ని చూస్తూ అర్రలో అటూ ఇటూ తిరుగుతున్నాను. గడ్డి మీద మంచు ఆరాక గొర్రెలను వదలడం ఆమెకు రోజూ ఉన్న పనే. అయితే ఆ రోజు పది గంటలకు పశువుల ఆఫీసు నుంచి విచారణకు వస్తామని కబురు పెట్టారు. మంద ఇంటి దగ్గరే ఉంటే మంచిదని ముందు రోజే చెప్పాను. తడక చప్పుడు వినగానే బయటికి వచ్చాను.

“ఒక్క పూట ఆపమన్న గదక్కా?”

“నాకు జెప్తే ఏం లాభం? గా పొట్టేలుకు జెప్పు,” అంది అక్క. “సారు వస్తుండని వాటికి ఆకలి ఆగుతదా?”

పక్కింటి వదినెను మంద వెంట చెరువు వైపు పంపి, కాళ్లు కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుంది. నేను కూర్చోలేకపోయాను. చేతిలోని కాగితాలను వరుస మార్చి పెట్టాను, మళ్లీ పాత వరుసలోనే పెట్టాను.

బావ పోయి అప్పటికి ఐదో నెల. వాళ్ల ఊరు కల్వకుర్తికి దగ్గర, శ్రీశైలం రోడ్డు నుంచి లోపలికి నాలుగు మైళ్లు. నేను కల్వకుర్తిలో ఒక చిన్న గ్రంథాలయంలో పని చేస్తాను. పెళ్లి చేసుకోలేదు. బావ పోయాక అక్క ఇంటికి వచ్చి ఉండి, రోజూ బస్సులో పనికి వెళ్లొచ్చేదాన్ని. అక్కకు ఒక్క బిడ్డ. పెళ్లయి అత్తగారింట్లో ఉంది.

బావ ఊరి గొర్రెల సొసైటీలో సభ్యుడు. ఆ సభ్యత్వం ఉత్త పేరు కాదు. వానాకాలం టీకా మందు సభ్యుల పేరు మీదే వస్తుంది. ఎండిన చెరువులో ఎవరి మంద ఎప్పుడు మేయాలో సభ్యులే తేల్చుకుంటారు. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం గొర్రెలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అవి కూడా సభ్యులకే. బావ దినాలయ్యాక సొసైటీ పెద్దలు వచ్చి, సభ్యత్వం ఇక బావ తమ్ముడి పేరు మీదికి పోతుందని చెప్పారు. కోపంగా ఏమీ చెప్పలేదు. ఒకాయన కండ్లు తుడుచుకుంటూ చెప్పాడు. అక్క తన పేరు మీదే కావాలంది. అట్లా అయితే ఇంటి మగమనిషి ఒకరు ‘మాకు అభ్యంతరం లేదు’ అని సంతకం చేయాలన్నారు. నియమాల పుస్తకం తెప్పించి మొదటి నుంచి చివరి దాకా చదివాను. అట్లాంటి నియమం అందులో ఎక్కడా లేదు. దరఖాస్తు ఫారంలో మాత్రం అడుగున ఆ సంతకానికి ఒక గడి ఉంది.

ఇంటి మగమనిషి అంటే అక్క మరిది. కల్వకుర్తి బస్టాండు దగ్గర ఆటో నడుపుతాడు. సంతకం చేయనని అతను ఒక్కసారి కూడా అనలేదు. “జేస్త వదినె, ఫికర్ జెయ్యకు,” అని ఆటో తిప్పుకుని వెళ్లేవాడు. సభ్యత్వం అతనికి పోతే ఏడాదిలోపు మంద కూడా పోతుందనీ, అమ్మి ఇంకో బండి కొంటాడనీ ఊరందరికీ తెలుసు. అక్క తొమ్మిదేళ్ల వయసు నుంచి జీవాలు కాస్తోంది. మొదట బాపు మంద, తర్వాత అత్తగారి మంద. మంద పోతే ఆమె కూలికి పోవాలి. అది కూడా కాదు ఆమె భయం. ఒకసారి నాతో అంది: “పొద్దుగాల లేచి ఏం జెయ్యాల్నే చెల్లె?”

సంఘం దగ్గరికి ఆమెను నేను తీసుకుపోలేదు. ఆమే నన్ను తీసుకుపోయింది. మా మండలంలో ఒంటరి ఆడవాళ్లు, కూలికి పోయేవాళ్లు, జీవాలు కాసేవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం అది. భర్త వదిలేసిన ఆడవాళ్లకు పింఛను ఇవ్వాలని అంతకు ముందు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు. వాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఏ ఆఫీసుకు పోయినా అందరి తరఫున ఒకరు మాట్లాడరు. వరుసలో నిలబడి తలా ఒక మాట చెప్తారు. ఒకామె ఆపిన చోట ఇంకొకామె అందుకుంటుంది. ఎందుకట్లా అని అడిగితే సంఘంలో అందరికన్నా పెద్దదైన అవ్వ చెప్పింది: “మునుపు ఒకామె మస్తుగ మాట్లాడేది బిడ్డా. గామెను పెద్దోళ్లు కుర్చీల కూసోబెట్టిండ్రు. మల్ల లేవలే.”

అధికారులకు ఈ పద్ధతి చిరాకు తెప్పించేది. మీలో లీడర్ ఎవరమ్మా అని అడిగేవారు.

“లీడరు ఇంటికాడ బర్రె పాలు పిండుతాంది సారూ,” అనేది ఎవరో ఒకరు వెనక నుంచి.

దరఖాస్తు రాసే పని నాకు ఇచ్చారు. మూడు రోజులు కష్టపడి రాశాను. నేను చదివిన పుస్తకాలన్నీ అందులోకి వచ్చాయి. సాధికారత, వివక్ష, శ్రమకు గుర్తింపు. బడి వరండాలో కూర్చోబెట్టి చదవమన్నారు. చదివాను.

“మంచిగుంది బిడ్డా,” అంది అవ్వ. “ఎవల గురించి?”

అందరికంటే ముందు మా అక్కే నవ్వింది.

కాగితం తిప్పి వెనక వైపు మళ్లీ రాశాను, ఈసారి వాళ్లు చెప్తుంటే. జీవాలు కాసేది మేము. పేరు మగవాళ్లది. మగవాడు పోతే జీవాలు మాతో ఉంటున్నాయి, పేరు ఇంకొక మగవాడికి పోతోంది. కాసే మనిషి పేరు రాయండి. మా పేరుకు ఇంకొకరి సంతకం అడగకండి. అంతే. ఇది మా అక్క ఒక్కదాని గురించి రాసింది కాదు. ఇదే తిప్పలు పడుతున్న ఆడవాళ్లు నల్లగొండ వైపు కూడా ఉన్నారు. మోత్కూర్ దగ్గరి ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరు అదే కాగితాన్ని రాసుకుని వాళ్ల ఆఫీసులో ఇచ్చారు. రూలు మారితే అందరికీ మారాలని సంఘం మాట. అక్కది మాత్రం ముందు విచారణకు వచ్చింది. అది గెలిస్తే మిగతావాళ్లకు దారి అవుతుంది. ఓడితే అదీ దారే, ఇంకో వైపుకు.

విచారణకు ముందు వారం రోజులు అక్కతో ప్రశ్నలూ జవాబులూ వల్లె వేయించాను. ఏ నెలలో ఏ రోగం వస్తుంది, ఏ టీకా ఎప్పుడు వేయించాలి, పండ్లు చూసి వయసు ఎట్లా చెప్తారు. పశువుల పెంపకం పుస్తకం ఒకటి గ్రంథాలయం నుంచి తెచ్చి అందులో నుంచి అడిగాను. అక్క రొట్టె చేస్తూ జవాబులు చెప్పింది. కొన్నిచోట్ల పుస్తకమే తప్పంది.

“నీ పుస్తకంల గొర్రె దగ్గుతదానే?” అని అడిగింది.

లేదన్నాను.

“మల్ల దానికేం తెలుస్తది?”

నేను అడగని ప్రశ్న ఒకటే. మంద ఎంత అని అడగలేదు. అడగాలని నాకు తోచలేదు. మా ఇంట్లో అది ప్రశ్నే కాదు. సాయంత్రం మంద దొడ్డికి వచ్చినప్పుడు బాపు తడక దగ్గర నిలబడి చూసేవాడు. మడత చెవుది రాలేదు అనేవాడు. లెక్కపెట్టి అనేవాడు కాదు, ముఖాలు చూసి అనేవాడు. ఎన్ని ఉన్నాయో నోటితో చెప్తే ఆ రోజు నుంచి మంద తగ్గుతుందని నమ్మకం. చుట్టాలు కూడా అడగరు. పొరపాటున ఎవరైనా అడిగితే ‘ఉన్నయి’ అని ఊరుకుంటారు. నేను పదిహేనేళ్లు ఆ ఇంట్లో పెరిగాను. తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. మా మంద ఎంతో నాకు ఎప్పుడూ తెలియదు.

పదిన్నరకు ఆఫీసు మనిషి వచ్చాడు. చిన్నవాడు. మంచివాడిలాగే కనిపించాడు. ఇంకా రెండు ఊళ్లు తిరగాలని చెప్పి, కుర్చీ అంచున కూర్చున్నాడు. మరిది కూడా వచ్చి ఆటోకు ఆనుకుని నిలబడ్డాడు. భర్త పేరు, ఊరు, చావు ధ్రువపత్రం. అన్నీ సరిగ్గా జరిగాయి. తర్వాత కాగితం నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

“గొర్రెలు ఎన్ని ఉన్నాయమ్మా?”

“ఉన్నయి సారూ,” అంది అక్క.

“ఎన్ని?”

“దేవుడు ఇచ్చినన్ని ఉన్నయి.”

అప్పుడు తల ఎత్తాడు. “అమ్మా, దేవుడి సంగతి కాదు. సంఖ్య చెప్పు. రాయాలి.”

అక్క కొంగు సర్దుకుంది. చెరువు వైపు చూసింది. “మందయితే ఉన్నది సారూ. రమ్మంటే పోయి చూద్దాం, జర దూరమే,” అంది.

“నాకు టైం లేదమ్మా. మీ గొర్రెలు మీకు తెలియవా?”

ఆటో దగ్గర నుంచి మరిది అన్నాడు: “నాకెర్కే సార్. యాభై రెండు.”

ఆఫీసు మనిషి రాసుకున్నాడు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఫైలు నా చేతిలోనే ఉంది. సార్, మాలో అది నోటితో చెప్పరు, అని ఒక్క మాట చెప్తే సరిపోయేది. మాట నోటి దాకా వచ్చింది కూడా. చదువుకున్న మనిషి ముందు అట్లాంటి మాట చెప్పడానికి సిగ్గుపడ్డాను. అంతకు మించి కారణమేమీ లేదు. తర్వాత చాలా కారణాలు వెతికాను, ఒక్కటీ నిలబడలేదు.

అతను వెళ్లాక అక్క తేలికపడ్డట్టు కనిపించింది. “మా మరిది తప్పు జెప్పిండు,” అంది నాతో మెల్లగా. “మంచిదే అయింది. మందకేం గాదు.”

ఏం జరిగిందో ఆమెకు అప్పటికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. బస్సు దొరికే దాకా ఆగలేక రోడ్డు వరకు నడిచాను.

మూడు వారాల తర్వాత మండల ఆఫీసులో రిపోర్టు చూపించారు. దరఖాస్తుదారుకు మంద గురించి అవగాహన లేదు. పెంపకం చూసేది మృతుని తమ్ముడు. రెండు వాక్యాలు. వాటిని రాసుకుని సంఘం కూర్చున్న చోటికి తెచ్చి చదివాను.

ఆ రోజు బడి వరండాలో పెద్ద గొడవ అయింది. కూలికి పోయే ఆడవాళ్లు అక్క మీద మండిపడ్డారు. “ఒక్క మాట జెప్తే నోరు పోతుండెనా? ఇన్ని దినాలు గిరికీలు కొట్టింది దేనికి?” అంది ఒకామె.

జీవాలు కాసే ఇంకొకామె లేచి నిలబడింది. “నీకేం ఎర్క? నీ పిల్లల మీద దిష్టి పెట్టుమంటే పెడ్తవా?”

“పిల్లలు, గొర్లు ఒకటేనా?”

“నువ్వు నీ పిల్లలను మేపిన తీరు జూస్తే, గొర్లే నయం!”

దాని మీద ఇద్దరూ ఒకరినొకరు నెట్టుకోబోయారు. అవ్వ మధ్యలో కర్ర అడ్డం పెట్టింది. చాలాసేపటికి మాట ఒక దారికి వచ్చింది. జిల్లా ఆఫీసుకు పోయి పెద్ద అధికారిని కలవాలి. విచారణ అరుగు మీద కాదు, మంద వెంట నడిచి చేయాలని అడగాలి. సంతకం గడి తీసేయమని అడగాలి. ఈసారి వెనక్కి రాకూడదు.

“గాయిన మల్ల గదే అడిగితే?” అన్నారు ఎవరో.

అందరూ అక్క వైపు చూశారు.

“నిన్ను ఎవలూ బలవంతం జేస్తలేరు బిడ్డా,” అంది అవ్వ.

అక్క చెప్పులు తొడుక్కుని బయటికి నడిచింది. ఇంటికి వచ్చే దారంతా నేనే మాట్లాడుతూ ఉన్నాను. సంఖ్యను కాగితం మీద రాసి ఇవ్వొచ్చు, నోటితో చెప్పినట్టు కాదు అన్నాను. రాసేది ఎవరు, నీకైనా చెప్పాలి గదా అంది.

జిల్లా ఆఫీసులో ఆ రోజు మధ్యాహ్నం దాకా బయట నిలబెట్టారు. నేను రెండుసార్లు రోడ్డు మీదికి వెళ్లి టీ తాగాను, రెండుసార్లూ సగం వదిలేశాను. చివరకు లోపలికి పిలిచారు. పెద్ద అధికారి వినే మనిషి. సంఘం వాళ్లు వరుసలో నిలబడ్డారు. నేను గోడ దగ్గర. మాట్లాడే వంతు నాకు లేదు.

“జీవాలు కాసేది మేము సారూ,” అంది మొదటామె.

“ఎండల తిరిగేది మేము,” అంది రెండో ఆమె.

“ఈనితే పక్కన ఉండేది మేము.”

“పేరు మాత్రం వాళ్లది.”

అక్క వంతు ఐదోది. సంతకం గడి తీసేయమని చెప్పాలని ముందే అనుకున్నాం. ఆమె అది చెప్పలేదు.

“నాయి అరువై మూడు సారూ,” అంది. “పండ్లు పోయిన ముసలియి నాలుగు. కుంటిది ఒకటి. ఈనేటియి పదకొండు. మా మరిది జెప్పింది తప్పు. గా కాయితం మార్చుండ్రి.”

తర్వాత చెప్పాల్సిన ఆమె చెప్పలేదు. జీవాలు కాసే ఆడవాళ్లు ఇద్దరు తల దించుకున్నారు. ఒకామె చెంపలు వేసుకుంది. వరుస ఆగిపోయింది. అధికారికి ఎందుకో అర్థం కాక ఒక్కొక్కరి ముఖం చూస్తున్నాడు. సంఘం పుట్టినప్పటి నుంచి వరుస అట్లా తెగడం అదే మొదటిసారి అని తర్వాత చెప్పారు. అవ్వ తన వంతు కాకపోయినా అందుకుంది.

“గిప్పుడు గీమె ఏం జెప్పిందో మీకు సమజ్ గాదు సారూ. మా ఇండ్లల్ల సచ్చినా జెప్పని మాట జెప్పింది. ఇంక గామెను ఎవల సంతకం తెమ్మంటరు?”

సంతకం గడి తీసేసి కాసే మనిషి పేరే రాయమన్న ఉత్తర్వు రావడానికి ఇంకా ఐదు నెలలు పట్టింది. అది వచ్చేలోపు వానలు పడ్డాయి. వానలతో నీలి నాలుక రోగం వచ్చింది. సొసైటీ జాబితాలో అక్క పేరు ఇంకా ఎక్కలేదు, బావ పేరు కొట్టేశారు. ఊళ్లో అన్ని మందలకూ టీకా వేసి వెళ్లిన రోజు మా దొడ్డి దగ్గర బండి ఆగలేదు. పశువుల దవాఖానకు వెళ్లి నేను కూర్చున్నాను. రేపు రమ్మన్నారు, ఎల్లుండి రమ్మన్నారు. మందు దొరికి వేయించేసరికి నోళ్లు వాచి మేత ముట్టడం మానేశాయి. పద్నాలుగు పోయాయి. ఈనబోయేవి కూడా వాటిలో ఉన్నాయి.

మరిది వచ్చి దొడ్డి ముందు నిలబడ్డాడు. ఎగతాళికి రాలేదు. నిజంగానే బాధపడుతున్నాడు.

“నోటితోని జెప్పినవ్ గద వదినె,” అన్నాడు.

“నోటితోని పోలే,” అంది అక్క. “మందు రాక పోయినయ్. నీ సంతకం రాక మందు రాలే.”

అతను పార తీసుకుని గుంత తవ్వడానికి సాయం పట్టాడు.

మరుసటి రోజు మంద వెనక నడుస్తూ అక్క నన్ను అడిగింది. “నిజంగ మందు రాకనే పోయినయంటవా చెల్లె?”

అవునన్నాను. టీకా గురించి, రోగం గురించి, ఎన్ని రోజుల్లో ఎట్లా వస్తుందో గురించి చెప్పాను. నేను చెప్పిందంతా నిజమే. ఆమె విని, “ఊ” అంది. ముందున్న గొర్రెలు పక్కచేనులో పడుతుంటే అరిచి మళ్లించింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమె నా మాట నమ్మిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు గుమ్మంలో నేను నోరు తెరిచి ఉంటే ఆమె ఆ సంఖ్య చెప్పే అవసరం వచ్చేది కాదు. జాబితాలో పేరు వానలకు ముందే ఎక్కేది. ఈ మాట ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని చాలాసార్లు లేచాను.

ఆ ఉత్తర్వుతో అక్క సభ్యురాలైంది. ఊరి సొసైటీలో మొదటి ఆడమనిషి. మీటింగుకు పోయి గోడకు ఆనుకుని కూర్చునేది. మొదట్లో ఎవరూ ఆమెను ఏమీ అడిగేవారు కాదు. రెండో ఏడాది చెరువులో మేత వంతుల దగ్గర తగాదా వస్తే ఆమె చెప్పిన ప్రకారమే చేశారు. మిగిలిన మంద మెల్లగా పెరిగింది. ఎంతకు పెరిగిందో నేను అడగలేదు.

నాలుగో ఏడు ఆమెకు కడుపులో గడ్డ అన్నారు. హైదరాబాదు దవాఖానకు ఏడుసార్లు తీసుకుపోయాం. ప్రతిసారీ బస్టాండు దాకా మరిదే ఆటోలో దింపాడు, కిరాయి తీసుకోలేదు. ఆటోలో కూర్చున్నప్పుడు కూడా అక్క వెనక్కి తిరిగి, దొడ్డికి తడక సరిగ్గా పెట్టిండ్రా అని అడిగేది. ఆమె పోయాక బిడ్డ వచ్చి మందను అమ్మింది. ఆమెకు వేరే దారి లేదు. నేను తప్పు పట్టలేదు. సంఘం ఆడవాళ్లు పదో రోజు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వరుస పద్ధతి అక్కడ లేదు. అందరూ ఒక్కసారే మాట్లాడారు, అందరూ ఒక్కసారే ఊరుకున్నారు.

అది జరిగి ఏడాదిన్నర. నేను మళ్లీ కల్వకుర్తిలోనే ఉంటున్నాను. ఇప్పటికీ పొద్దున ఎనిమిది ఇరవై అయ్యేసరికి కాలు ఒక చోట నిలవదు. పుస్తకం తెరిస్తే రెండు పేజీలు దాటదు.

పోయిన నెల ఒక చిన్న వయసు ఆడమనిషి గ్రంథాలయానికి వచ్చింది. మోకాళ్ల దాకా దుమ్ము. గొర్రెల సొసైటీ ఫారం ఇచ్చి నింపిపెట్టమంది. పేరు, ఊరు రాశాను. భర్త ఉన్నాడా అని అడిగాను. యాడికో పోయిండు మేడం అంది. ఫారం అడుగు దాకా చూశాను. తిప్పి వెనక చూశాను.

“సంతకం ఎవరినైనా తెమ్మన్నారా?” అని అడిగాను.

“ఎవల్ది?” అంది ఆమె. “సభ్యురాలు నేనైతే సంతకం నాదే గద మేడం.”

ఆ గడి ఎట్లా పోయిందో ఆమెకు తెలియదు. చెప్పాలనుకున్నాను. ఆమెకు బస్సు టైం అవుతోంది, ఫారం మడిచి రవికెలో పెట్టుకుని వెళ్లిపోయింది. సొసైటీలో చేరే ఆడవాళ్లను ఇప్పుడు మగవాళ్ల సంతకం అడగడం లేదు.